ఆయన తప్పు చేశారు

మా అబ్బాయికి పధ్నాలుగేళ్లు. పుట్టింది, పెరిగింది షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో. ఆదివారం తెలుగు బడిలో గుణింతాలు, వేమన పద్యాలు అన్నీ నేర్చుకున్నాడు. అయినా ఇంట్లో వాడి నోట వచ్చే తెలుగు మాటలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: ఆకలి, చాలు, వద్దు, వస్తున్నాను, నిద్ర వస్తోంది. ఆ లోపం వాడిదేనని చాలా ఏళ్లు అనుకున్నాను. 2024లో షికాగో బేర్స్ ఫుట్‌బాల్ జట్టు వారం వారం ఓడిపోతున్న రోజుల్లో అసలు సంగతి అర్థమైంది. తిండి, స్నానం, బడి సంచి, హోంవర్కు తప్ప మేము వాడితో తెలుగులో ఏమీ మాట్లాడలేదు. వాడి మనసును ఉడికించే విషయం ఒక్కటైనా మా ఇంట్లో తెలుగులో చర్చకు రాలేదు. మా నుంచి వాడు విన్నవి వంటింటి మాటలు, తిరిగి ఇచ్చినవీ అవే.

ఇక్కడి ఫుట్‌బాల్ మనకు తెలిసిన కాలిబంతి కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత పట్టుకుని, ఎదుటివాళ్లను తోసుకుంటూ ముందుకు సాగే ఆట. అందులో క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడి చేతి నుంచే దాదాపు ప్రతి ఎత్తూ మొదలవుతుంది. కాపు కాసేవాళ్లు గట్టిగా నిలబడితే అతనికి మూడు నాలుగు సెకన్లు దొరుకుతాయి. వాళ్లు చెదిరిపోతే వంద కిలోల పైబడిన మనుషులు వచ్చి అతని మీద పడతారు. ఏటా విజేతను తేల్చే ఆఖరి ఆట సూపర్ బౌల్. బేర్స్ దాన్ని ఆఖరిసారి గెలిచింది 1986 జనవరిలో. 2017లో, తర్వాత గొప్ప క్వార్టర్‌బ్యాక్‌గా పేరు తెచ్చుకున్న పాట్రిక్ మహోమ్స్‌ను వదులుకుని మిచెల్ ట్రుబిస్కీని తీసుకున్నారు. ఆ తర్వాత వచ్చిన జస్టిన్ ఫీల్డ్స్‌ను మూడేళ్లకే వేరే జట్టుకు ఇచ్చేశారు. 2024 ఏప్రిల్‌లో జట్లన్నీ వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు మొట్టమొదటి ఎంపికగా క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్ వచ్చినప్పుడు ఈ ఊరు ఊరంతా ఆ కుర్రవాడి మీద ఆశలు పెట్టుకుంది. మా అబ్బాయి గోడ మీది క్యాలెండరులో ప్రతి ఆటకూ గుర్తు పెట్టుకున్నాడు.

మొదటి ఆరు ఆటల్లో నాలుగు గెలిచారు. అక్టోబరు 27న వాషింగ్టన్‌తో ఆడుతుండగా కథ తిరగబడింది. గెలుపు చేతిలో ఉన్న చివరి క్షణంలో వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్ బంతిని ఎంతో దూరం విసిరాడు. అది గుంపులో ఎవరి చేతికో తగిలి, వెనుక నిలబడ్డ ఆటగాడి చేతుల్లో పడింది. 18-15తో ఓటమి. మా అబ్బాయి ఆ రాత్రి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. ఓదార్చడానికి నాకు మాటలు దొరకలేదు. ఏమి జరిగిందో నాకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పమన్నాను. చాలాసేపు ఆలోచించి, "బంతి వేసేటప్పుడు మన ఆటగాడు ఒకడు జనం వైపు తిరిగి చేతులు ఊపుతున్నాడమ్మా. ఆట చూడటం లేదు" అన్నాడు. అన్ని మాటలు కలిపి వాడు చెప్పిన తొలి తెలుగు వాక్యాలు అవి. మర్నాటి నుంచి రాత్రి భోజనాల దగ్గర ఫుట్‌బాల్ గురించి ఎంతసేపైనా మాట్లాడవచ్చు, కానీ తెలుగులోనే అని చెప్పాను.

ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. మా వారిది ఆ కుర్రవాడు విలియమ్స్‌దే తప్పనే పక్షం: బంతిని విసరకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంటాడు, అందుకే దెబ్బలు తింటాడు. ఆయన చదువుకున్న రోజుల్లో మార్కులు తగ్గితే తప్పు పిల్లవాడిదే. మాస్టారిని ప్రశ్నించడం ఇంటా వంటా లేదు. మా అబ్బాయిది కోచ్ మాట్ ఎబర్‌ఫ్లస్‌దే తప్పనే పక్షం: కాపు కాసేవాళ్లు చెదిరిపోతుంటే ఏ పిల్లవాడైనా ఏమి చేస్తాడు? వాదించడానికి వాడికి మాటలు కావలసి వచ్చాయి. ఎవరు చెప్పినా వినకపోవడాన్ని ఏమంటారని అడిగాడు. మొండితనం అన్నాను. తప్పు వేరేవాళ్ల మీదకు నెట్టడానికి చెప్పే కారణాన్ని ఏమంటారన్నాడు. సాకు అన్నాను. బాధ్యత, తొందరపాటు, నమ్మకం, ఓపిక, అన్నీ ఆ నెలలో వచ్చినవే. ఏ పుస్తకంలోంచీ రాలేదు, ఏ పరీక్ష కోసమూ రాలేదు. నవంబరు 12న దాడి వ్యూహాలు చూసే షేన్ వాల్డ్రన్‌ను తీసేసినప్పుడు "ఇది సాకు" అని వాడంతట వాడే అన్నాడు.

ఒక చిక్కు మాత్రం తెలుగులోనే వచ్చింది. ఇంగ్లీషులో కోచ్‌నైనా కుర్రవాడినైనా ఒకే మాటతో అనవచ్చు. మనకు అలా కుదరదు. మా అబ్బాయి కోచ్‌ను "వాడు" అన్నాడు. ఆ సమయానికి తెనాలిలో ఉన్న మా నాన్నగారు ఫోనులో ఉన్నారు. ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పిన మనిషి. "నేర్పే మనిషిని వాడు అనకూడదు నాన్నా, ఆయన అనాలి" అన్నారు. వీడు ఊరుకోలేదు. "ఆయన అంటే ఇక తప్పు చేశారని అనకూడదా తాతయ్యా?" అని అడిగాడు. నాన్నగారు కాసేపు ఆగారు. "ఎందుకు అనకూడదు? ఆయన తప్పు చేశారు అను. క్లాసు మొత్తం తప్పితే నేను ముందు నా పాఠమే చూసుకునేవాడిని" అన్నారు. ఎదురుగా కూర్చున్న మా వారు ఆ మాట విన్నారు. ఏమీ అనలేదు గానీ, ఆ రోజు నుంచి ఆయన వాదనలో పదును తగ్గింది.

నవంబరు 28, థాంక్స్‌గివింగ్. మా ఇంట్లో నాలుగు కుటుంబాలు. డెట్రాయిట్‌లో ఆట సగమయ్యేసరికి బేర్స్ 16-0తో వెనుకబడ్డారు. కుర్రవాడు జట్టును లాక్కొచ్చి 23-20 దాకా తెచ్చాడు. బంతిని కాలితో తన్ని సమం చేసే దూరంలోకీ వచ్చారు. 32 సెకన్లు మిగిలి ఉండగా అతన్ని కింద పడేశారు. ఒక టైమౌట్ ఇంకా చేతిలో ఉంది, అడిగితే గడియారం ఆగుతుంది. ఎవరూ అడగలేదు. ఆరు సెకన్లు ఉండగా ఆఖరి ఎత్తు వేశారు. బంతి నేలపాలైంది, సమయం అయిపోయింది. ఆటగాడు కూడా అడగవచ్చు కదా అని వచ్చినవారిలో ఒకరు అన్నారు. మా అబ్బాయి లేచి నిలబడి, అందరి ముందూ, తడుముకోకుండా, "అతనికి ఇరవై మూడేళ్లు నిండి పది రోజులైంది అంకుల్. ఆయనకు యాభై నాలుగేళ్లు. ఎవరు చూసుకోవాలి? ఆయన తప్పు చేశారు" అన్నాడు. గొంతు వణికింది. వాక్యం తడబడలేదు. నాకు కళ్లు చెమర్చాయి, వంటగదిలోకి వెళ్లిపోయాను.

మర్నాడు ఎబర్‌ఫ్లస్‌ను తీసేశారు. 1920 నుంచి ఉన్న ఆ జట్టు సీజన్ మధ్యలో ప్రధాన కోచ్‌ను పంపడం అదే మొదటిసారి. వాడు సంబరపడతాడనుకున్నాను. పడలేదు. "పొద్దున విలేకరుల ముందు కూర్చోబెట్టారు. తర్వాత పంపించారు. ముందే చెప్పాలి కదమ్మా, అది మర్యాద కాదు" అన్నాడు.

ఆ తర్వాత కూడా ఓటములు ఆగలేదు. వరుసగా పది. 17 ఆటల్లో విలియమ్స్‌ను 68 సార్లు పడేశారు, ఆటకు నాలుగు సార్ల లెక్క. జనవరి 5న గ్రీన్ బే వెళ్లి చివరి ఆటలో 24-22తో గెలిచారు. ఆఖరి క్షణంలో 51 గజాల నుంచి బంతిని తన్ని గెలిచారు. అప్పటికి తెనాలిలో అర్ధరాత్రి దాటింది. వాడు సాయంత్రం ఏడింటి దాకా ఆగి, తాతయ్య కాఫీ తాగే వేళకు తనే ఫోను కలిపాడు. ఆట మొత్తం పావుగంట చెప్పాడు. మధ్యలో నన్ను ఒక్క మాటే అడిగాడు, "గురి" అనే మాట గుర్తురాక. మా నాన్నగారికి ఆ ఆటలో ఒక్క నియమం తెలియదు. అంతా విని, "ఆ కుర్రవాడికి ఈసారి దెబ్బలేమీ తగలలేదు కదా?" అన్నారు.

"తగిలాయి తాతయ్యా. లేచాడు" అన్నాడు మా అబ్బాయి.