ఫార్మాట్ కొట్టాలా, ఉన్నదాని మీదే ఎక్కించాలా: నా అనుభవం

2020 జనవరిలో నా వల్ల తొంభై ఆరు పేజీలు పోయాయి. అవి నావి కూడా కాదు. రిటైరైన తెలుగు సార్ ఒకాయన రాసుకున్న పద్యాల పుస్తకం. మూడు నెలలు కూర్చుని టైప్ చేశాను. రెండు ప్రూఫులు దిద్దుకున్నాం. ఆ నెల 14తో విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోతోందని, షాపుకు వచ్చే టెక్నీషియన్‌తో ఫార్మాట్ కొట్టించి, అంటే పాతది తుడిపించి, విండోస్ 10 వేయించాను. "డీ డ్రైవ్‌లో ఉన్నవి ఏడికీ పోవక్కా" అన్నాడు. నిజమే, పోలేదు. కానీ సార్ పుస్తకం డెస్క్‌టాప్ మీద ఉంది. డెస్క్‌టాప్ మీద పెట్టింది సీ డ్రైవ్‌లోనే ఉంటుందని ఆ రోజు నాకు తెలియదు, అతను అడగనూ లేదు. ప్రూఫ్ కాగితాలు ముందు పెట్టుకుని మొత్తం మళ్లీ కొట్టాను. సార్ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

అందుకే 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ కూడా ఆగిపోయినప్పుడు, ఈసారి విండోస్ 11కు మారేటప్పుడు ఎవరి మాట మీదా వెళ్లకూడదు, నేనే తెలుసుకుని చేయాలి అనుకున్నాను.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మాది డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, కరపత్రాలు, ఆన్‌లైన్ దరఖాస్తులు, జిరాక్స్. ఇప్పుడున్న కంప్యూటర్ ఆ తర్వాత అసెంబుల్ చేయించింది. ఐ3 తొమ్మిదో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఒకటే ఎస్ఎస్‌డీ, అందులోనే సీ, డీ డ్రైవులు. ఇంట్లో అమ్మాయి ల్యాప్‌టాప్ ఇంకొకటి. తను మహాత్మా గాంధీ యూనివర్సిటీలో పీజీ చేస్తోంది.

సలహాలు రెండు వచ్చాయి. టెక్నీషియన్ తమ్ముడు ఈసారీ అదే మాట: "ఫార్మాట్ కొడదాం అక్కా, గంటల అయిపోతది. కొత్తగ వేస్తే స్పీడ్ ఉంటది." హైదరాబాద్‌లో ఉండే మా మేనల్లుడు ఫోన్‌లో, "అత్తమ్మా, ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే పద్ధతి ఒకటుంది, 2026 అక్టోబర్ దాకా లాగొచ్చు" అన్నాడు. అది నిజమే, ఆ వీలు ఉంది. కానీ మా షాపులో జనం ఆధార్ కార్డులు, కుల ధ్రువీకరణ పత్రాలు, బ్యాంకు పాస్‌బుక్కులు స్కాన్ అవుతాయి. రోజుకు ముప్పై మంది పెన్‌డ్రైవ్‌లు పెడతారు. ఈ పని ఎప్పటికైనా తప్పదు. పైగా పంచాయతీ ఎన్నికలు ఎప్పుడైనా రావొచ్చు. నామినేషన్లు మొదలైతే ఉంగరం, కత్తెర గుర్తులతో కరపత్రాలు కొట్టడానికి ఊపిరాడదు. చేస్తే నవంబర్ మొదట్లోనే చేయాలి.

ముందు ఈ కంప్యూటర్‌కు విండోస్ 11 ఎక్కుతుందా అన్నది చూడాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టి చూస్తే రెండు చోట్ల ఎర్ర గుర్తులు. ఒకటి టీపీఎం 2.0, అంటే రహస్య తాళాలు దాచే భద్రతా ఏర్పాటు. రెండోది సెక్యూర్ బూట్, అంటే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన ప్రోగ్రాంలనే నడవనిచ్చే ఏర్పాటు. కొత్త కంప్యూటర్ కొనాలేమో అని గుండె జారింది. నిజానికి ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచి విండోస్ 11కు పనికొస్తాయి. లోపం ప్రాసెసర్‌ది కాదు, సెట్టింగ్‌ది. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్‌ల పేజీలోకి వెళ్తే, ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనే పేరుతో ఈ టీపీఎం ఉంటుంది. ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అంటారు. మాది ఆపేసి ఉంది. ఆన్ చేయగానే ఒక ఎర్ర గుర్తు పోయింది.

సెక్యూర్ బూట్ దగ్గర అసలు కథ ఉంది. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే నాలాంటి వాళ్లు మునిగేది ఇక్కడే.

మా కంప్యూటర్ అసెంబుల్ చేసినప్పుడు పాత పద్ధతి, అంటే లెగసీ మోడ్‌లో విండోస్ వేశారు. ఆ పద్ధతిలో డిస్క్‌ను భాగాలు చేసే తీరు ఎంబీఆర్ అనే పాత రకంగా ఉంటుంది. సెక్యూర్ బూట్‌కు యూఈఎఫ్‌ఐ అనే కొత్త మోడ్ కావాలి, ఆ మోడ్‌లో విండోస్ కొత్తగా వేయాలంటే డిస్క్ జీపీటీ రకంలో ఉండాలి. ఎంబీఆర్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌ను యూఈఎఫ్‌ఐలో పెట్టి, పెన్‌డ్రైవ్‌తో ఫార్మాట్ కొట్టబోతే, ఈ డిస్క్ మీద వేయడం కుదరదని ఇన్‌స్టాలర్ ఆగిపోతుంది. అప్పుడు మామూలుగా చేసేది ఏమిటంటే, పార్టిషన్లు, అంటే డిస్క్‌లోని భాగాలు అన్నీ డిలీట్ చేసి ముందుకు పోవడం. అన్నీ అంటే సీ ఒక్కటే కాదు, డీ కూడా. ఒకే డిస్క్‌లో సీ, డీ ఉన్నవాళ్లకు "డీ డ్రైవ్ ఏడికీ పోదు" అన్న మాట ఈసారి చెల్లదు. ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదేళ్ల పెళ్లి పత్రికలు ఆ డీ డ్రైవ్‌లోనే ఉన్నాయి.

మరునాడు షాపులో ప్రూఫ్ కాగితం వెనక్కి తిప్పి మధ్యలో గీత గీశాను. ఒకవైపు, పోతే మళ్లీ వేసుకోగలిగినవి. ఇంకోవైపు, పోతే మళ్లీ తేలేనివి. బ్రౌజర్, ప్రింటర్ డ్రైవర్, వేలిముద్ర పరికరానికి ఉండే ఆర్‌డీ సర్వీస్ మొదటి వైపు పడ్డాయి. రెండోవైపు పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు కొట్టే అను ఫాంట్లు రాసి, పెన్ను అక్కడే ఆపాను.

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. మా పని ఇంకా దాని మీదే నడుస్తోంది. అను ఫాంట్లలో కొట్టిన ఫైలు, ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్ కాదు. లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే "శుభలేఖ" అని ఉండాల్సిన చోట అర్థంలేని గుర్తుల వరుస కనిపిస్తుంది. నా దగ్గర సీడీ గీతలు పడి చదవడం లేదు, ఈ కంప్యూటర్‌కు సీడీ డ్రైవ్ కూడా లేదు. ఇవి మళ్లీ ఎక్కించడం గంట పని కాదు, వారం పట్టినా పట్టొచ్చు. అసలు కుదరకపోనూవచ్చు. ఫార్మాట్‌తో వచ్చే స్పీడ్ నాకు అంత విలువైనది కాదు. షాపు కంప్యూటర్‌కు ఉన్నదాని మీదే ఎక్కించే అప్‌గ్రేడే అని అక్కడే తేల్చుకున్నాను.

అప్‌గ్రేడ్ అన్నంత మాత్రాన బ్యాకప్ అక్కర్లేదని కాదు. ఒక టెరాబైట్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని డీ డ్రైవ్, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫాంట్స్ ఫోల్డర్ అన్నీ కాపీ చేశాను. కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇమేజ్, అంటే విండోస్‌తో సహా మొత్తానికి నకలు తీసే వీలు ఉంది, అదీ తీశాను. సార్ ఇప్పుడు రెండో పుస్తకం రాస్తున్నారు, నూట పన్నెండు పేజీలు నా దగ్గరే ఉన్నాయి. దాన్ని పీడీఎఫ్ కూడా చేసి పెట్టాను. పీడీఎఫ్‌లో ఫాంటు ఫైలు లోపలే కూర్చుంటుంది కాబట్టి ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. పక్క షాపు కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ పెట్టి, ఐదారు ఫైళ్లు తెరిచి చూశాకే మనసు కుదుటపడింది.

ఆదివారం షాపు షట్టర్ సగం దించి మొదలుపెట్టాను. యూపీఎస్ బ్యాటరీ శనివారమే కొత్తది వేయించాను. మేనల్లుడు ఫోన్‌లో ఉన్నాడు.

డిస్క్‌లో ఏదీ తుడవకుండా ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చే పనిముట్టు విండోస్ 10లోనే ఉంది. పేరు ఎంబీఆర్2జీపీటీ. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ముందు వాలిడేట్ అని ఇస్తే కుదురుతుందో లేదో పరీక్ష చేసి చెప్తుంది, దేన్నీ ముట్టుకోదు. ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించి ఉండకూడదు, లాజికల్ పార్టిషన్ ఉండకూడదు. మాకు సరిగ్గా మూడే: సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ, డీ. "ఈ (E) డ్రైవ్ కూడా చేయమంటారా" అని అసెంబుల్ చేసినప్పుడు అడిగితే వద్దన్నాను, అది ఇప్పుడు పనికొచ్చింది. పరీక్ష పాసయ్యాక కన్వర్ట్ అని ఇచ్చాను. నిమిషం కూడా పట్టలేదు. తర్వాత బయోస్‌లో లెగసీ తీసేసి యూఈఎఫ్‌ఐ పెట్టి, సెక్యూర్ బూట్ ఆన్ చేసి, సేవ్ చేసి, ఎంటర్ నొక్కాను. స్క్రీన్ నల్లగా అయింది. ఆ పది పన్నెండు సెకన్లు నేను ఊపిరి తీసుకున్నట్టు గుర్తు లేదు. విండోస్ గుర్తు కనిపించింది. డీ డ్రైవ్ తెరిచాను. అన్నీ ఉన్నాయి.

తర్వాత డౌన్‌లోడ్ చేసిన విండోస్ 11 ఐఎస్ఓ ఫైలు (విండోస్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) తెరిచి సెటప్ నొక్కితే, ఏమేం ఉంచాలి అని అడిగే పేజీలో ఫైళ్లు, యాప్‌లు రెండూ ఉంచే ఆప్షన్ బూడిద రంగులో ఉంది. నొక్కితే పడదు. అదే లేకపోతే ఈ కష్టమంతా దేనికి? మేనల్లుడు కాసేపు వెతికి, "అత్తమ్మా, నువ్వు డౌన్‌లోడ్ చేసింది ఇంటర్నేషనల్ ఇంగ్లిష్. నీ కంప్యూటర్‌ది అమెరికా ఇంగ్లిష్" అన్నాడు. రెండూ ఇంగ్లిషే కదా అని మనం అనుకుంటాం, విండోస్ అలా అనుకోదు. భాష సరిగ్గా కలిస్తేనే యాప్‌లు ఉంచుతుంది. మళ్లీ ఐదు జీబీ పైన డౌన్‌లోడ్. ఆ ఖాళీలో అన్నం తిన్నాను. ఈసారి ఆప్షన్ నల్లగా, నొక్కడానికి వీలుగా వచ్చింది. దాన్ని గమనించకుండా నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ పోయేవాళ్లు ఉంటారు, దయచేసి ఆ ఒక్క పేజీలో ఆగండి.

గంటన్నర, మూడు సార్లు రీస్టార్ట్. అయింది.

ముందు పేజ్‌మేకర్ తెరిచాను. తర్వాత అను. కీబోర్డ్ మొదట పలకలేదు, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేస్తే పలికింది. సార్ పుస్తకం ఫైలు తెరిచి, ఒత్తులు, వట్రుసుడులు ఎక్కువగా ఉన్న ఒక పద్యం పెద్దది చేసి చూశాను. "స్వప్న", "దృష్టి", "కృష్ణ" అన్నీ తమ చోటనే ఉన్నాయి. కలర్ ప్రింటర్ మాత్రం డిఫాల్ట్ మారిపోయి, మొదటి ప్రింట్ జిరాక్స్ మెషీన్‌లో నుంచి నలుపులో వచ్చింది. సెట్టింగ్స్‌లో ఆ బాధ్యత విండోస్ చేతిలో నుంచి తీసేశాను. ఆర్‌డీ సర్వీస్ ఒకసారి తీసి మళ్లీ వేయాల్సి వచ్చింది.

నచ్చకపోతే పది రోజుల్లోపు వెనక్కి, విండోస్ 10కే వెళ్లిపోవచ్చు. పాతదంతా విండోస్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. చోటు ఎక్కువ తింటోందని దాన్ని మొదటి రోజే తుడిచేస్తే ఆ దారి మూసుకుపోతుంది. నేను పది రోజులూ దాన్ని ముట్టుకోలేదు. ఇక స్పీడ్ సంగతి: ఏమీ పెరగలేదు. పాత చెత్త కూడా నాతోపాటే కొత్తింట్లోకి వచ్చింది. అది నేను తెలిసి ఒప్పుకున్న ధర.

అమ్మాయి ల్యాప్‌టాప్‌కు మాత్రం క్లీన్ ఇన్‌స్టాలే, అంటే పాతదంతా తుడిచి కొత్తగా వేయడమే చేశాం. తెరిస్తే చాలు యాడ్‌లు, ట్రయల్ అయిపోయిన యాంటీవైరస్ గోల. అందులో మళ్లీ తేలేనిది ఏదీ లేదు, ప్రాజెక్ట్ ఫైళ్లు తప్ప, అవి హార్డ్ డిస్క్‌లోకి తీసుకున్నాం. 8 జీబీ పెన్‌డ్రైవ్ బూటబుల్ చేసి వేశాం. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్ ఏ మెయిల్ ఐడీతో మొదట తెరిచామో ఆ ఐడీకే కట్టుబడి ఉంటుంది. అది ముందే వెతికి రాసిపెట్టుకోవడం మంచిదైంది. మధ్యలో వైఫై డ్రైవర్ లేక, ఇంటర్నెట్ లేనిదే ముందుకు పోనని సెటప్ మొరాయించింది. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే దారి ఇచ్చింది. లైసెన్స్ కీ అడిగినచోట నా దగ్గర కీ లేదు అన్న ఆప్షన్ నొక్కాం. అది ఆ ల్యాప్‌టాప్‌కే నమోదై ఉంది కాబట్టి తనంతట తనే యాక్టివేట్ అయింది. డిస్క్‌లో ఉన్నవి వేరేవాళ్లు చదవకుండా తాళం వేసే ఎన్‌క్రిప్షన్ కూడా అడక్కుండానే ఆన్ అయింది. దాని రికవరీ కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను.

సాయంత్రం అమ్మాయి కంగారుగా వచ్చింది. "అమ్మా, నా ప్రాజెక్ట్ తెలుగు మారిపోయింది, పేజీలు పెరిగినయ్." చూస్తే అక్షరం చెడలేదు, ఫాంటు మారింది. తను టైప్ చేసింది గౌతమిలో. కొత్తగా వేసిన విండోస్‌లో నిర్మలా యూఐ ఒక్కటే ఉంటుంది. గౌతమి, వాణి ఫాంట్లు ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని విడిగా ఎక్కించుకోవాలి. రెండు నిమిషాల పని. అది తెలియక మొత్తం పేజీలు మళ్లీ సర్దుకునేవాళ్లు ఎందరో.

నామినేషన్లు మొదలయ్యే ముందు సార్ ప్రూఫ్ తీసుకెళ్లడానికి వచ్చారు. కంప్యూటర్ మార్చానని చెప్పగానే ఆయన చూపు ఒక్కసారి స్క్రీన్ మీదికి పోయింది, నా మీదికి రాలేదు. "మొత్తం ఉన్నయి సార్" అన్నాను. కళ్లజోడు పెట్టుకుని నలభై ఒకటో పేజీ దగ్గర ఆగి, "ఇక్కడ ‘ప్రార్ధన’ అని పడ్డదమ్మా, ధ కాదు, థ" అన్నారు. దిద్దాను.