చియోవా నదికి నీళ్లు వదిలిన రోజు

అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో పారే చియోవా నది ఏడాదిలో ఎక్కువ రోజులు బండల మధ్య పలచగా పారుతూ ఉంటుంది. శాంటీట్లా ఆనకట్ట నుంచి నీరు వదిలే నిర్ణీత దినాల్లో మాత్రం కయాక్ అనే సన్నని తెడ్డు పడవను నడపడంలో ఆరితేరిన కయాకర్లు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి చేరుకుంటారు. అలాంటి ఒక రోజున అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలతో కలిసి పనిచేసే అవకాశం నాకు దొరికింది.

రాబిన్స్‌విల్ ఊరు దాటాక యూఎస్ 129 రహదారి నదిని ఆనుకొని మలుపులు తిరుగుతూ సాగుతుంది. రోడ్డు ఇరుకు, బళ్లు నిలిపే చోటు తక్కువ. అందువల్ల ఉదయం మా పనంతా రోడ్డు మీదే గడిచింది. పడవలు దించిన కార్లను కదిలించడం, దిగువ రేవుకు వెళ్లే బళ్లలో మనుషులను సర్దడం, గట్టున చెత్త ఏరడం మా వంతు.

మాతో ఉన్న ఒక పెద్దాయన ఈ నది ఎండిపోయి ఉన్న కాలాన్ని స్వయంగా చూశారు. 1928లో ఆనకట్ట పూర్తయ్యాక నీటిని సొరంగాలు, గొట్టాల ద్వారా కొండల అవతలి విద్యుత్కేంద్రానికి మళ్లించారు. దాంతో దిగువన సుమారు 9 మైళ్ల పొడవునా నది దాదాపు ఒట్టిపోయి, నీరు పారవలసిన చోట చెట్లు ఎదిగాయి. ప్రవాహం మధ్య నిలిచిన చెట్లను ఆయన నాకు ప్రత్యేకంగా చూపించారు. కొమ్మల సందుల్లోంచి నీరు దూసుకుపోతుంది గాని, పడవా మనిషీ అక్కడే చిక్కుకుపోతారు. ఈ నదిలో బండల కంటే చెట్లకే ఎక్కువ భయపడాలని ఆయన హెచ్చరించారు.

నీరు తిరిగి రావడం వెనుక ఉన్నది సాహసం కంటే ఎక్కువగా ఓపిక. అమెరికాలో ప్రైవేటు జలవిద్యుత్ ప్రాజెక్టులకు ఫెడరల్ కమిషన్ (కేంద్ర ఇంధన నియంత్రణ సంస్థ) ఇచ్చే లైసెన్సు సాధారణంగా 30 నుంచి 50 ఏళ్ల వరకు అమల్లో ఉంటుంది. విద్యుత్తుతో పాటు చేపలు, వన్యప్రాణులు, వినోదం వంటి అవసరాలను కూడా సమానంగా పరిగణించాలని 1986 నాటి చట్టసవరణ నిర్దేశించింది. కాబట్టి గడువు తీరే సమయంలో తమ వాదన వినిపించలేని వారు మరో తరం దాకా ఆగవలసిందే. 1954లో ఏర్పడిన, నదుల పరిరక్షణకూ వడి ప్రవాహాల్లో పడవలు నడిపేవారి కోసమూ పనిచేసే అమెరికన్ వైట్‌వాటర్ సంస్థ, దానితో కలిసి నడిచిన కయాకర్లు ఆ అవకాశాన్ని చేజారనివ్వలేదు. 2005లో ఈ ఆనకట్టకు మంజూరైన కొత్త లైసెన్సులో నదికి నిరంతర కనీస ప్రవాహంతో పాటు కయాకింగ్‌కు సరిపడే విడుదలలు కూడా చేరాయి. ఆ సెప్టెంబరులోనే మొదటి విడుదల జరిగింది. సమావేశాల్లో గంటల తరబడి కూర్చొని నివేదికలు చదివిన ఆ మనుషుల శ్రమకు నేను మనస్ఫూర్తిగా నమస్కరిస్తున్నాను.

విడుదల ప్రవాహం దాదాపు 1,000 క్యూసెక్కులు ఉంటుంది. మధ్యాహ్నం బేర్ క్రీక్ జలపాతం దగ్గర, రక్షణ తాళ్లు పట్టుకొని నిలబడిన వారి వెనుక నుంచి చూశాను. ఒక్కొక్క కయాకరు అంచు దాటి తెల్లటి నురగలో మునిగి, తెడ్డుతో సహా పైకి తేలేదాకా గట్టు మీద ఎవరూ పెదవి కదపలేదు.

ఈ ప్రవాహం కయాకర్ల కోసం మాత్రమే కాదని అక్కడే తెలుసుకున్నాను. వర్జీనియా స్పైరియా అనే అరుదైన పొద నదీ తీరాల్లోనే బతుకుతుంది. దానికి నీడ కమ్మే మొక్కలను అప్పుడప్పుడూ వరద ఊడ్చుకుపోతేనే దాని మనుగడ సాగుతుంది. అంతరించే ప్రమాదంలో ఉన్న అపలాచియన్ ఎల్క్‌టో అనే మంచినీటి ఆల్చిప్ప కూడా ఈ నదిలో ఉంది. ఇలాంటి జీవులకు ఆవాసమయ్యే గులకరాళ్లను ఆనకట్ట పైనే ఆపేస్తుంది కనుక, దిగువన వాటిని మనుషులే తెచ్చి నదిలో పోయవలసి వచ్చింది.

సాయంత్రం కాల్డర్‌వుడ్ సరస్సు ఒడ్డున పడవలను కార్లకు ఎక్కించడంలో సాయపడ్డాను. ఆ లైసెన్సు గడువు 40 ఏళ్లని, తర్వాతి చర్చలకు కావలసిన అనుభవాలను ఇప్పటి నుంచే రాసిపెట్టాలని పెద్దాయన అక్కడి కుర్రకారుకు చెబుతున్నారు.