మా ఇంట్లో ఆరడుగుల డబుల్ బాస్‌కి చోటు కుదిరిన కథ

మా అమ్మాయి ఆరో క్లాసులో స్కూల్ ఆర్కెస్ట్రాలో చేరతానంటే వయొలినే అనుకున్నాను. మా చుట్టుపక్కల మనవాళ్ళ పిల్లలు దాదాపు అందరూ అదే నేర్చుకుంటున్నారు, పెట్టె చిన్నది, కారు డిక్కీలో ఓ మూల పడేస్తే అయిపోతుంది. ఇది మాత్రం "డాడీ, బాస్ తీసుకున్నా" అంటూ ఇంటికొచ్చింది. బాస్ అంటే వయొలిన్ లాగే ఉండి, నేల మీద నిలబెట్టి వాయించే బాగా పెద్ద తీగల వాయిద్యం. మూడేళ్ళు హాఫ్ సైజుతో గడిచిపోయింది. పోయిన ఆగస్టులో తొమ్మిదో క్లాసుకి 3/4 సైజు కావాలన్నారు. ముప్పావు అన్నారు కదా ఎంతుంటుందిలే అనుకున్నా గానీ పెద్దవాళ్ళు వాయించేది కూడా ఇదేనట, అసలు ఫుల్ సైజు ఎక్కడో తప్ప కనబడదట. ఎత్తు ఆరడుగులు. నా ఎత్తు అయిదు ఏడు. అద్దెకి తెచ్చి హాల్లో నిలబెడితే ఎవరో చుట్టం వచ్చి కూర్చోకుండా నిలబడే ఉన్నట్టుంది.

మేముండేది డెట్రాయిట్ పక్కన నోవైలో. ఊరు పేరు ఎందుకు చెప్తున్నానంటే ఈ కథలో సగం గొడవ ఇక్కడి చలికాలం వల్లే.

మొదట చేసిన తప్పు స్టాండ్. ఆన్‌లైన్‌లో "చెల్లోకీ బాస్‌కీ రెండింటికీ పనికొస్తుంది" అని రాసి ఉన్నది, సన్న గొట్టాలతో మడిచేసుకునే రకం, చవగ్గా ఉందని కొనేశాను. రెండింటికీ పనికొస్తుందంటే దేనికీ సరిగ్గా పనికిరాదని అర్థం చేసుకోవాల్సింది. చెల్లో, అంటే వయొలిన్‌కీ బాస్‌కీ మధ్య సైజు వాయిద్యం, నాలుగడుగులు, మూడు కిలోలు. బాస్ ఆరడుగులు, దాదాపు పది కిలోలు. స్టాండ్ కాళ్ళు పూర్తిగా చాపినా బాస్ నడుం కింది భాగం కంటే తక్కువ వెడల్పే వచ్చేవి. పైగా ఎండ్‌పిన్, అంటే బాస్ అడుగున ఉండే ఇనప కడ్డీ, దాన్ని లోపలికి నెట్టకుండా అలాగే స్టాండ్ మీద ఎక్కించేవాళ్ళం, అంటే బరువంతా ఇంకో నాలుగంగుళాలు పైకి. చూడ్డానికి బాగానే నిలబడింది, అయిదు వారాలు ఏమీ కాలేదు.

అక్టోబరులో ఒక శనివారం పొద్దున రోబో వాక్యూమ్ తన మానాన తను ఊడ్చుకుంటూ వచ్చి స్టాండ్ వెనక కాలిని ఢీకొట్టింది. దానికదే ఏం కాకపోను, ఆ మొద్దు యంత్రం వెనక్కి వెళ్ళి మళ్ళీ కొట్టింది, ఇంకోసారి కొట్టింది. నేను వంటింట్లో పెసరట్టు తిరగేస్తున్నా. అమ్మాయి "నాన్నా" అని అరిచిన అరుపుకి అట్లకాడ చేతిలో పట్టుకునే పరిగెత్తాను. అది రెండు చేతులతో బాస్ మెడని కావలించుకుని నిలబడి ఉంది, కింద రోబో ఇంకా కాలిని తడుతూనే ఉంది. తల దగ్గరి చుట్ట గోడకి తగిలి పెయింటు గీసుకుంది, అంతకు మించి ఏమీ కాలేదు, అదృష్టం. ముందుకి పడి ఉంటే బరువంతా బ్రిడ్జి, అంటే తీగల్ని ఎత్తి పట్టుకునే చెక్కముక్క, దాని మీద పడి పైచెక్క చీలేది, వెనక్కి పడి ఉంటే మెడ మొదట్లో విరిగేది. ఈ రెండూ బాగుచేసేవాళ్ళు బాస్ ఖరీదుకి దగ్గరగా అడిగే పనులట, ఆ తర్వాత కనుక్కున్నా.

ఆ రోజే స్టాండ్ గరాజ్‌లో పడేసి, అమ్మాయి టీచర్ చెప్పినట్టు గది మూలకి మార్చాం. దీనికో పద్ధతుంది. బాస్ ముఖాన్ని, అంటే తీగలున్న వైపుని, మూల వైపు తిప్పాలి. పై భుజాలు రెండూ చెరో గోడకి ఆనుతాయి, బ్రిడ్జి మాత్రం మూలలో మిగిలే ఖాళీలో ఉండి దేనికీ తగలదు. ఎండ్‌పిన్ పూర్తిగా లోపలికి నెట్టేయాలి. మాది చెక్క ఫ్లోరు, కాబట్టి పిన్ కింద చిన్న రబ్బరు మ్యాట్ కూడా వేశాం, లేకపోతే రాత్రికి రాత్రి అడుగు మెల్లగా ముందుకి జారుతుంది. గోడకి ఆనే చోట మెత్తటి గుడ్డ. డబ్బు ఖర్చు లేని పద్ధతి, చాలామంది వాయించేవాళ్ళ ఇళ్ళలో ఇదే చేస్తారట. స్టాండ్ లేకపోతే ఇంకో దారి, కార్పెట్ మీద పక్కకి తిప్పి పడుకోబెట్టడం. పక్క చెక్కల మీద బరువు పడితే ఫర్వాలేదు, బ్రిడ్జి మీద బోర్లా మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. కానీ మా చిన్నాడికి ఏడేళ్ళు, నేల మీద ఏది కనబడినా దూకడమే వాడి పని, కాబట్టి మాకు మూలే దిక్కయింది.

మూలేమో నేనే ఎంచాను, కిటికీ పక్కది. దాని కిందే హీటర్ గాలి వచ్చే నేల జాలీ ఉందని అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

డిసెంబరులో మూడు వారాలు ఇండియా వెళ్ళాం. వెళ్ళేముందు రోజు నాకో పెద్ద తెలివైన ఆలోచన వచ్చింది. కాలేజీలో గిటారు వాయించే రోజుల్లో ఊరెళ్ళేటప్పుడు తీగలు వదులు చేసే అలవాటు, అదే ఇక్కడా చేద్దామని, అమ్మాయి పడుకున్నాక నాలుగు తీగలూ పూర్తిగా వదిలేశాను. లోపల టక్ మని ఏదో పడ్డ చప్పుడు. ఎఫ్ ఆకారంలో ఉండే రంధ్రంలోంచి ఫోన్ టార్చ్ వేసి చూస్తే వేలెడు లావు కర్రముక్క ఒకటి అడుగున దొర్లుతోంది. బ్రిడ్జి కూడా నా చేతిలోకి వచ్చేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అమ్మాయికి చెప్పే ధైర్యమూ లేదు, విమానం ఎక్కాక చెప్పాను.

ఆ కర్రముక్కని సౌండ్ పోస్ట్ అంటారు. పైచెక్కకీ వెనక చెక్కకీ మధ్య నిలువుగా నిలబడి ఉంటుంది, జిగురు ఉండదు, మేకు ఉండదు, పైనుంచి తీగల ఒత్తిడి ఉన్నంతసేపే నిలబడుతుంది. బ్రిడ్జి కూడా అంతే. ఫ్రెంచివాళ్ళు సౌండ్ పోస్ట్‌ని ఆత్మ అని పిలుస్తారట. నేను నాలుగు తీగలూ ఒకేసారి వదిలి బాస్ ఆత్మని పడగొట్టానన్నమాట. ఎన్ని రోజులు ఊరెళ్ళినా తీగల్ని శృతిలోనే వదిలేయాలి, మార్చాల్సి వస్తే ఒక్కొక్కటిగా మార్చాలి. గిటారు తెలుసు కదా అని దీన్ని ముట్టుకోకండి.

జనవరిలో తిరిగొచ్చేటప్పుడు మా అత్తయ్యగారు కూడా మాతో వచ్చారు, విజయనగరం నుంచి నేరుగా మైనస్ పదహారులోకి. ఆవిడ బొబ్బిలి వీణ వాయిస్తారు, పనస చెక్క మొద్దు ఒకే ముక్కగా తొలిచి చేసినది, పెళ్ళికి ముందు వాళ్ళ నాన్నగారు కొనిచ్చారట. బాస్ చూసి ఆవిడ అన్న మొదటి మాట, "దీన్నిలా నిలబెట్టి ఉంచారేంటి బాబూ, కాళ్ళు పీకవా దానికి?" వీణ ఎప్పుడూ చాప మీద పడుకునే ఉంటుంది మరి. కానీ రెండో మాట పనికొచ్చింది. మూల దగ్గర చెయ్యి పెట్టి, "ఇక్కడ వేడి గాలి కొడుతోందే, మా వీణకైతే మెట్ల కింద మైనం కరిగిపోయేది" అన్నారు.

షాపుకి తీసుకెళ్ళాం. వాయిద్యాలు బాగుచేసే ఆయన ముందు పోస్ట్ సంగతి చూళ్ళేదు. వేలి కణుపుతో బాస్ అంచు చుట్టూ మెల్లగా తట్టుకుంటూ వచ్చాడు, మనం పుచ్చకాయ తట్టి చూసినట్టు. అంతా ఒకలా మోగుతోంది, నడుం దగ్గర ఒకచోట మాత్రం గలగలమంది. అక్కడ పలచటి కాగితం దూర్చి చూపించాడు, లోపలికి వెళ్ళిపోయింది. అతుకు విడిపోయింది. చెక్క ఎండిపోయి కుంచించుకుపోయినప్పుడు ఎక్కడో ఒకచోట తెగాలి కాబట్టి చెక్క చీలకుండా ముందు జిగురే విడిపోయేలా అంచుల్లో జిగురు కావాలనే కాస్త బలహీనంగా పెడతారట. విరగాల్సింది విరిగింది, బతికిపోయారు అన్నట్టు నవ్వాడు. పోస్ట్ నిలబెట్టడం, అతుకు అంటించడం, మొత్తం అయిదు రోజులు. అతుకు అద్దె ప్లాన్‌లో పోయింది, పోస్ట్‌కి మాత్రం డబ్బు కట్టించుకున్నారు, అది మా నిర్వాకమేనని రసీదులో రాసి మరీ.

ఇంటికొచ్చి ముందు కొన్నవి తేమ కొలిచే చిన్న మీటర్లు, రెండు. ఒకటి ఆ పాత మూలలో పెడితే 19 శాతం చూపించింది, ఇంకోటి మేడమెట్ల కింద లోపలి గోడ దగ్గర పెడితే 28. ఒకే ఇల్లు! బాస్‌కి 40 నుంచి 60 మధ్య ఉంటే మంచిదంటారు. హ్యూమిడిఫయర్ పెట్టి 45కి తీసుకెళ్తే కిటికీ అద్దాల మీద నీళ్ళు కారడం మొదలైంది, బయట అంత చలి ఉన్నప్పుడు అద్దాలు తట్టుకోవు, వదిలేస్తే బూజు పడుతుంది. చివరికి 38, 40 దగ్గర రాజీపడ్డాం. ఎఫ్ రంధ్రంలోంచి లోపలికి వేలాడదీసే స్పాంజి గొట్టాలు కూడా వేశాం, నీళ్ళలో ముంచి బాగా పిండి, గుడ్డతో తుడిచి మరీ వేయాలి, లోపల చుక్క నీళ్ళు పడినా చెక్కకి మచ్చే. అత్తయ్యగారు ఈ పనికి రోజూ పొద్దున పూజ అయ్యాక టైమ్ పెట్టుకున్నారు. పిండిన తర్వాత కూడా నాలుగుసార్లు దులిపేవారు.

ఇక మళ్ళీ స్టాండ్. మూల బాగానే ఉంది గానీ అమ్మాయి రోజూ గంటన్నర సాధన చేస్తుంది, మధ్యలో నీళ్ళకీ ఫోన్‌కీ లేచినప్పుడల్లా ఆరడుగుల బాస్‌ని మూలకి తీసుకెళ్ళి తిప్పి ఆనించడం జరిగే పని కాదు, సోఫాకి ఆనించి వెళ్ళిపోతోంది. దానికంటే స్టాండే నయం. ఈసారి బాస్‌ని వ్యాన్లో పెట్టుకునే షాపుకి వెళ్ళాం (మా మినీవ్యాన్ రెండో వరస సీటు తీసేస్తే మెడ ముందు సీట్ల మధ్యకి వస్తుంది, గేరు మార్చేటప్పుడు మోచేతికి తగులుతూ ఉంటుంది). హెర్క్యులీస్, ఇంగిల్స్ లాంటివి రెండు మూడు ఉన్నాయి. ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి, బాస్ ఎక్కిస్తేనే తేడా తెలుస్తుంది. నేను చూసింది ప్రధానంగా ఒక్కటే. కాళ్ళు బాస్ కింది వెడల్పు కంటే బయటికి రావాలి, అది దాదాపు 66 సెంటీమీటర్లు, టేపు పట్టుకెళ్ళాను. స్టాండ్‌కి కింద ఉండే రెండు చేతులు బాస్ పక్క చెక్కల మీద ఆనాలి గానీ బయటికి పొడుచుకొచ్చిన సన్నటి అంచు మీద బరువు పడకూడదు. తర్వాత నా సొంత పరీక్ష ఒకటి. బాస్ ఎక్కించి, అమ్మాయి మెడ దగ్గర చేతులు కాచుకుని ఉండగా, భుజం మీద ఒక్క వేలితో నాలుగు వైపుల నుంచీ నెట్టి చూశాను. మొదటిది వెంటనే కాలు లేపింది. రెండోది ఒక వైపు ఊగింది. మూడోది బరువుగా, వికారంగా, ఎత్తి పెట్టడానికి చెయ్యి నొప్పెట్టేలా ఉంది, ఎటు నెట్టినా కదల్లేదు. అదే తీసుకున్నాం. పాతదానికి మూడు రెట్లు పడింది, బాధపడలేదు.

స్టాండ్ చేతుల మీద నల్లటి ఫోమ్ ఉంటుంది. అద్దె వాయిద్యం కదా, కొన్ని రకాల రబ్బరు, ఫోమ్ వార్నిష్‌కి అంటుకుని మచ్చ చేస్తాయని షాపాయనే చెప్పాడు. అత్తయ్యగారు ఒక పాత మంగళగిరి నూలు చీర కత్తిరించి చేతులకి తొడుగులు కుట్టారు, లోపల బొందు పెట్టి మరీ. వారానికోసారి ఉతకొచ్చు. జరీ అంచు బయటికి కనిపిస్తుంది, ఆర్కెస్ట్రా స్నేహితులు వచ్చినప్పుడు అమ్మాయి ముందు సిగ్గుపడింది, ఇప్పుడు వాళ్ళలో ఒకమ్మాయి తనకీ కావాలంది.

ఇప్పుడు పద్ధతి ఇలా కుదిరింది. సాధన మధ్యలో స్టాండ్. రాత్రికి మెట్ల కింద మూల, ఎండ్‌పిన్ లోపలికి. బో, అంటే వాయించే కమాను, దాని వెంట్రుకలు వదులు చేసి పెట్టెలో. ఊరెళ్తే గిగ్ బ్యాగులో, అంటే దాని మెత్తటి సంచిలో, వేసి కార్పెట్ గదిలో పక్కకి పడుకోబెట్టి తలుపు వేసేయడం, తీగలు ముట్టుకోకుండా. కారులో మాత్రం చలికాలమైనా ఎండాకాలమైనా పది నిమిషాలు కూడా వదలం. జూన్ వచ్చేసరికి తేమ పెరిగి పైచెక్క ఉబ్బి తీగలు కాస్త పైకి లేచాయి, వేళ్ళు నొప్పెడుతున్నాయని అమ్మాయి అంటే బ్రిడ్జి కాళ్ళకున్న మరలు కొంచెం తిప్పి దించారు, చలికాలంలో మళ్ళీ పెంచాలట.

రోబో వాక్యూమ్ ఆ గదిలోకి రాకుండా యాప్‌లో గీత గీశాను, అది రెండుసార్లు దాటేసింది. అందుకని గుమ్మం దగ్గర ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తా అడ్డం పెట్టారు అత్తయ్యగారు. ఆవిడ ఏప్రిల్‌లో వెళ్ళిపోయారు, బస్తా ఇంకా అక్కడే ఉంది.