నెట్ లైఫ్ సైన్సెస్: మెటాఫేజ్ నుంచి అనాఫేజ్ దాకా పార్ట్-సి కోసం ఎలా చదవాలి

సెల్ సైకిల్ (కణం పెరిగి రెండుగా విడిపోయే చక్రం) అనగానే చాలామంది సైక్లిన్, సీడీకే (ఆ చక్రాన్ని నడిపే ప్రోటీన్లు) జతల పట్టిక బట్టీ పడతారు. క్రోమోజోములు మధ్యలో వరస కట్టి (మెటాఫేజ్), తర్వాత విడిపోయే (అనాఫేజ్) ఘట్టాన్ని ఒక్క బొమ్మతో సరిపెట్టేస్తారు. సీఎస్ఐఆర్-నెట్ పరీక్షలో పార్ట్-బికి అది చాలొచ్చు. పార్ట్-సిలో నాలుగు మార్కుల ప్రశ్న మాత్రం "ఈ జీన్ తీసేశాం, ఈ మందు వేశాం, కణం ఏమవుతుంది?" అన్నట్టు వస్తుంది. తప్పు పెడితే ఒక మార్కు కోత, అందుకే ఊహతో పెట్టే పని కాదిది.

ఈ టాపిక్‌ని చివర నుంచి వెనక్కి చదవండి. సిస్టర్ క్రొమాటిడ్లను (ఒకే క్రోమోజోమ్ తాలూకు రెండు నకళ్లను) కలిపి ఉంచేది కొహెసిన్ అనే ప్రోటీన్ల వలయం: ఎస్ఎంసీ1, ఎస్ఎంసీ3, వాటిని మూసే ఎస్సీసీ1. ఆ ఎస్సీసీ1ని కోసే ఎంజైమ్ సెపరేజ్. సెపరేజ్‌ని సెక్యూరిన్ అనే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. సెక్యూరిన్‌కి యుబిక్విటిన్ (నాశనం చేయాలనే గుర్తు) తగిలించి ప్రోటియాజోమ్‌కి (ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రానికి) పంపేది ఏపీసీ అనే ఎంజైమ్, దానికి సీడీసీ20 తోడుండాలి. ఆ సీడీసీ20ని మ్యాడ్2, బబ్ఆర్1, బబ్3 ప్రోటీన్లు కలిసి కట్టేస్తాయి. అలా కట్టేయమన్న సంకేతం మైక్రోట్యూబ్యూల్ (క్రోమోజోముల్ని లాగే స్పిండిల్ దారం) అందని కైనెటోకోర్ (క్రోమోజోమ్ మీద ఆ దారం అతుక్కునే చోటు) నుంచి వస్తుంది. ఈ కాపలా పేరే చెక్‌పాయింట్. ఈ వరసని నిలువుగా రాసి, పక్కన ప్రతి మెట్టు దగ్గరా ప్లస్సో మైనస్సో పెట్టండి. మైనస్‌లే ఎక్కువ కనిపిస్తాయి. కణం నడిచేది "వెళ్లు" అనే ఆజ్ఞతో కాదు, "ఆగు" అనే ఆజ్ఞ ఎత్తేయడంతో. ఇది ఒంటబడితే సగం ప్రశ్నలు వాటంతటవే విడిపోతాయి.

ఇప్పుడు ఒక్కొక్క మెట్టూ విరగ్గొట్టి చూడండి. మ్యాడ్2 లేని ఈస్ట్‌కి నోకోడజోల్ (మైక్రోట్యూబ్యూల్స్‌ని విరగ్గొట్టే మందు) ఇస్తే స్పిండిల్ లేకపోయినా కణం ఆగదు, క్రొమాటిడ్లు విడిపోతాయి, కణాలు చచ్చిపోతాయి. సెక్యూరిన్‌లో డి-బాక్స్ (ఏపీసీ గుర్తుపట్టే ముక్క) తీసేస్తే అది నాశనం కాదు, క్రొమాటిడ్లు విడిపోవు. అదే డి-బాక్స్ సైక్లిన్ బి (సీడీకే1తో కలిసి కణాన్ని మైటోసిస్‌లో ఉంచే ప్రోటీన్)లో తీసేస్తే క్రొమాటిడ్లు విడిపోతాయి గానీ కణం మైటోసిస్ నుంచి బయటికి రాలేదు. ఈ రెండింటినీ కలిపేసేవాళ్లు చాలామంది. ఏపీసీకి సెక్యూరిన్, సైక్లిన్ బి రెండూ లక్ష్యాలే, కానీ అవి వేర్వేరు దారులని గుర్తుంచుకోండి. ఒక మెలిక కూడా ఉంది: వెన్నెముక ఉన్న జీవుల కణాల్లో సైక్లిన్ బి మోతాదు బాగా పెరిగితే సీడీకే1 ద్వారా సెపరేజ్ కూడా అణగిపోతుంది. సెక్యూరిన్ లేని ఎలుకలు బతకడానికి అదొక కారణం.

మైనస్‌లు లెక్కపెట్టే పద్ధతి పనిచేయని చోటూ ఉంది. ఫిషన్ ఈస్ట్‌లో సెక్యూరిన్‌ని కట్2 అంటారు. అది పోతే క్రొమాటిడ్లు ముందే విడిపోవాలి కదా? విడిపోవు. ఎందుకంటే సెపరేజ్ సరిగ్గా తయారవడానికీ కట్2 సాయం కావాలి.

నోకోడజోల్, ఎంజీ132 (ప్రోటియాజోమ్‌ని ఆపే మందు) తేడా తప్పకుండా చూసుకోండి. రెండింటిలోనూ అనాఫేజ్ రాదు, సెక్యూరిన్ మిగిలే ఉంటుంది. నోకోడజోల్‌లో మ్యాడ్2 కైనెటోకోర్ల మీద మెరుస్తుంది. ఎంజీ132లో క్రోమోజోములు మధ్యలో చక్కగా వరస కడతాయి, చెక్‌పాయింట్ తీరిపోయి ఉంటుంది, ఆగింది ప్రోటియాజోమ్ మాత్రమే. ప్రశ్నలో మ్యాడ్2 ఫోటో ఇస్తే దాన్నిబట్టే తేల్చేయొచ్చు.

మూడు ప్రయోగాలు లోతుగా చదవండి. 1995లో రీడర్ బృందం పీటీకే1 అనే, ల్యాబ్‌లో పెంచే జంతు కణాల్లో ఇంకా అతుక్కోని ఆఖరి కైనెటోకోర్‌ని లేజర్‌తో కాల్చేసింది. క్రోమోజోమ్ సరిగ్గా అమరకుండానే అనాఫేజ్ మొదలైంది. అంటే ఆపుతున్నది ఆ ఒక్క కైనెటోకోరే. అదే ఏడాది లీ, నిక్లాస్ ప్రేయింగ్ మాంటిస్ శుక్రకణ జనక కణాల్లో ఒక ధ్రువానికే అతుక్కున్న ఎక్స్ క్రోమోజోమ్‌ని సన్నని సూదితో ఎదుటి వైపు లాగారు. ఆ బిగువు తగిలాక ఆగిన కణం కదిలింది. అతుక్కోవడం ఒకటి, బిగువు మరొకటి. బిగువు లేని అతుకుల్ని అరోరా బి అనే ఎంజైమ్ ఊడదీస్తుంది, అప్పుడు ఆ కైనెటోకోర్ మళ్లీ "ఆగు" అంటుంది. మూడోది 2000లో నాస్మిత్ ల్యాబ్‌ది. ఎస్సీసీ1లో టీఈవీ ప్రోటియేజ్ (ఒక వైరస్ నుంచి తీసుకున్న, ప్రోటీన్లను కోసే ఎంజైమ్) కోసే చోటు అమర్చి, సీడీసీ20 లేక మెటాఫేజ్‌లో ఆగిన ఈస్ట్‌లో టీఈవీ తయారుచేయించారు. క్రొమాటిడ్లు ధ్రువాలకు జరిగాయి. కోత ఒక్కటే చాలని రుజువైంది.

మెరోటెలిక్ అతుకు దగ్గర జాగ్రత్త. ఒకే కైనెటోకోర్ రెండు ధ్రువాలకూ అతుక్కుంటుంది, ఖాళీ లేదు, కాబట్టి మ్యాడ్2 వెళ్లిపోతుంది, చెక్‌పాయింట్ పట్టుకోదు. అనాఫేజ్‌లో ఆ క్రొమాటిడ్ వెనకబడుతుంది. సింటెలిక్‌తో దీన్ని కలపకండి, అందులో రెండు కైనెటోకోర్లూ ఒకే ధ్రువానికి అతుక్కుంటాయి.

మియోసిస్‌కి (బీజకణాలు తయారయ్యే విభజనకి) రెండే మార్పులు ప్రాణం: ఎస్సీసీ1 బదులు ఆర్ఈసీ8, సెంట్రోమియర్ దగ్గర దాన్ని కాపాడే షుగోషిన్. షుగోషిన్ పీపీ2ఏ అనే ఎంజైమ్‌ని తెచ్చిపెట్టుకుని ఆర్ఈసీ8 మీది ఫాస్ఫేట్‌లు తీసేయిస్తుంది, అందువల్ల సెపరేజ్ అక్కడ కోయలేదు. షుగోషిన్ లేకపోతే ఏ దశలో తేడా కనిపిస్తుందని అడిగితే చాలామంది "మియోసిస్-1లో హోమోలాగ్‌లు (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన జత క్రోమోజోములు) విడిపోవు" అని పెడతారు. హోమోలాగ్‌లు విడిపోతాయి. సిస్టర్ క్రొమాటిడ్లు ముందే వదులైపోయి, మియోసిస్-2లో ఎటు పడితే అటు వెళ్తాయి.