ఆ అవ్వ చెప్పిన లెక్క

2019 వానాకాలంలో నల్లగొండ ప్రభుత్వ దవాఖానలో చేసిన తెమడ పరీక్షలో నాకు ఊపిరితిత్తుల క్షయ ఉన్నట్టు తేలింది. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాను. తవుడు, ఊక దుమ్ములో పనిచేసే చోట దగ్గని మనిషి ఉండడు కనుక నా దగ్గును ఎవరూ పట్టించుకోలేదు. రోజూ పొద్దుగూకేసరికి జ్వరం రావడం, ప్యాంటు నడుము దగ్గర జారిపోవడం మొదలైన తర్వాతే అనుమానం వచ్చింది.

జబ్బు పేరు బయటపడగానే మిల్లులో నా చాయ్ గ్లాసు వేరైంది. బంధువులు మాత్రం ఫోన్ చేసి "ఏం గాదు, ధైర్యంగుండు" అన్నారు. వాళ్ల ప్రేమను నేను శంకించను. కాని ఏం కాదో, ఎందుకు కాదో వాళ్లకూ తెలియదని ఆ గొంతులే చెప్పేవి.

మందుల కోసం వెళ్లిన మొదటి రోజు, మాస్కుతో దగ్గుతున్న నన్ను చూసి బెంచీ మీదివాళ్లు పక్కకు జరిగారు. అప్పుడు దేవరకొండ దిక్కునుంచి వచ్చిన ఒక పెద్దామె తన సంచీని ఒళ్లోకి తీసుకుని, ఖాళీ అయిన ఆ చోటులో నా పక్కనే కూర్చుంది. బొంబాయిలో కూలికి పోయి ఈ జబ్బుతోనే తిరిగొచ్చిందట. కోర్సు ముగించి చివరి పరీక్షకు వచ్చింది.

"రేపు పొద్దుగాల ఒంటికి పోతె ఎర్రగ వస్తది, నెత్తురనుకొని బెదరకు బిడ్డా, అది గోళీల రంగే," అన్నది. "మొదట్ల కడుపుల తిప్పుతది, అన్నం సయించది. జర ఓర్సుకుంటె ఆకలి అదే లేస్తది. రెండో నెలకు మంచిగైన అనిపిస్తది సూడు, అగో, అప్పుడే పైలం. మస్తు మంది ఆడ్నే ఆపేస్తరు." సంచీలోంచి ఒక పల్లీపట్టి తీసి, సగం విరిచి నా చేతిలో పెట్టి, తనను పిలవగానే లేచి వెళ్లిపోయింది. పేరు అడగలేదు, మళ్లీ ఎన్నడూ కనబడలేదు.

డాక్టరు చెప్పింది కూడా దాదాపు అదే: మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు రకాలు, మధ్యలో మానేస్తే క్రిములు మందుకు లొంగకుండా పోతాయి. మూత్రానికి ఆ రంగు వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వల్ల వస్తుంది. పోషణకని ప్రభుత్వం అప్పట్లో నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసేది. ఇవన్నీ అవసరమైనవే. అయినా రెండో నెలలో దగ్గు తగ్గి, ముద్ద రుచి తెలిసి, గోళీల అట్టను చూస్తేనే వెగటు పుట్టిన రోజుల్లో నాకు వినిపించింది డాక్టరు మాట కాదు, "అగో, అప్పుడే పైలం" అన్న ఆ హెచ్చరికే. అదే జబ్బును దాటిన మనిషి కళ్లెదుట కూర్చుని చెప్పిన మాటకు ఆ బలం ఉంటుందని నా నమ్మకం.

కోర్సు పూర్తయ్యాక నేనూ ఆమె పద్ధతినే పట్టుకున్నాను. కొత్తగా మందులు మొదలుపెట్టినవాళ్లు తారసపడితే ఊరికే ధైర్యం చెప్పను. ఏ నెలలో ఏమవుతుందో చెప్పి, నా నంబరు ఇస్తాను. అలా పరిచయమైన హాలియా కుర్రాడొకడు ఒక రాత్రి ఫోన్ చేసి, "అన్నా, గోళీలు ఇంక అయిపోలే గని నాకు మంచిగైంది," అన్నాడు. చాలాసేపు మాట్లాడాము. కోర్సు ముగిశాక మళ్లీ చేశాడు: వాళ్ల వీధిలో ఇంకొకాయనకు ఇదే జబ్బట, నా నంబరు ఇవ్వనా అని. నాకంటే ముందు నువ్వే వెళ్లి ఆయన పక్కన కూర్చో అన్నాను.