అంగారకుడి మీద గాలి ఎటు వీచిందో చూడటం

ఉద్యోగం చేసినన్నాళ్లూ నా పని ఓడల వెల్డింగ్ జాయింట్లకు తీసిన ఎక్స్‌రే ఫిల్ములు చదవడం. చీకటి గదిలో వ్యూయర్ ముందు కూర్చుని, ఎక్కడ స్లాగ్ (వెల్డింగ్ మడ్డి) ఇరుక్కుంది, ఎక్కడ బుడగ ఉండిపోయింది, ఎక్కడ సన్నగా పగులు మొదలైంది అని వెతకాలి. రిటైరై గాజువాకలో ఇంటి పట్టున ఉన్నాక ఆ చూపుకి పని దొరికింది అంగారకుడి దక్షిణ ధ్రువం దగ్గర.

మామూలు జనం శాస్త్రవేత్తల పనిలో సాయపడే జూనివర్స్ అనే వెబ్‌సైట్‌లో 2013లో ‘ప్లానెట్ ఫోర్’ అనే ప్రాజెక్టు మొదలైంది. నాసా వాళ్ల మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్ 2006 నుంచి అంగారకుడి చుట్టూ తిరుగుతోంది. దాని హైరైజ్ కెమెరా తీసిన ఫొటోలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద సుమారు 30 సెంటీమీటర్లు. ఆ ఫొటోలను ముక్కలు చేసి మనలాంటి వాళ్లకు చూపిస్తారు.

అందులో ఏముంటుందంటే, చలికాలంలో అక్కడి గాలిలోని కార్బన్ డయాక్సైడే గడ్డకట్టి నేలంతా కప్పేస్తుంది. వసంతం రాగానే ఎండ ఆ మంచులోంచి దూరి అడుగున ఉన్న నేలను వేడెక్కిస్తుంది. అడుగు మంచు కరగదు, నేరుగా వాయువైపోతుంది. పోయే దారి లేక ఒత్తిడి పెరిగి, పైపొర ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ బద్దలుకొట్టుకుని చిమ్ముతుంది. వెంట నల్లటి దుమ్మును కూడా మోసుకొస్తుంది. గాలి వీస్తుంటే ఆ దుమ్ము విసనకర్ర ఆకారంలో ఒకవైపు పరుచుకుంటుంది. గాలి లేకపోతే గుండ్రటి మచ్చలా పడుతుంది. మనం చేయాల్సిందల్లా విసనకర్రకు విసనకర్ర గుర్తు, మచ్చకు మచ్చ గుర్తు గీయడం. ఆ ధ్రువం దగ్గర గాలిని కొలిచే పరికరాలేవీ లేవు. ఆ దుమ్ము ఎటు పరుచుకుందన్నదే గాలి దిశకు సాక్ష్యం.

మా ఆవిడది భీమిలి దగ్గర ఊరు. ఇంగ్లీషు చదవదు. ఓ సాయంత్రం ఒక ఆకారం దగ్గర విసనకర్రా, మచ్చా అని తేల్చుకోలేక ఆగిపోయాను. తను వెనక నుంచి చూసి, “మచ్చ కాదండీ, ఆ మూల సన్నగా లేదూ? గాలి అటునుంచే కొట్టింది. మా ఊళ్లో సరుగుడు మొక్కల వెనక ఇసుక ఇలాగేగా తోక తీసేది” అంది. ఆ రోజు నుంచి తనూ గీస్తోంది. కొన్నిచోట్ల ఇద్దరికీ పడేది కాదు. నేను మచ్చంటే తను కాదనేది. అప్పుడు ఎవరికి కనిపించింది వాళ్లం విడివిడిగా గీసేవాళ్లం.

అలా విడివిడిగా గీయడమే ఇందులో అసలు సంగతి. ఒక్కో ఫొటో ముక్కను పదుల మందికి చూపిస్తారు. నా ఒక్కడి గీతతో ఏదీ తేలదు. చాలామంది గీతలు ఒకచోట కలిస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. మా ఫిల్ములకూ ఇదే పద్ధతి ఉండేది, నేను పాస్ చేసిన జాయింటును థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టర్ మళ్లీ చూడందే వదిలేవారు కాదు. అందుకే నాకు ఈ పని మీద అంత నమ్మకం. ఇలా జనం గీసిన గుర్తులతో 2019లో వచ్చిన కేటలాగ్‌లో 1.5 లక్షలకు పైగా విసనకర్రలు ఉన్నాయి, మచ్చలు అంతకంటే ఎక్కువ. దీని తోబుట్టువు లాంటి ఇంకో ప్రాజెక్టులో, ఆ వాయువు నేలను తొలిచి చేసే సాలీడు ఆకారపు కాలువలు అంతకుముందు ఉన్నాయని తెలియని చోట్ల బయటపడ్డాయి. హైరైజ్‌తో మళ్లీ ఫొటోలు తీస్తే అవి నిజమేనని తేలింది.

కంప్యూటర్ చేయలేదా అని మా మేనల్లుడు అడిగాడు. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. చేయగలదు, కానీ ముందు దానికి ఎవరో నేర్పాలి. అంగారకుడి నేల మీద తిరిగే క్యూరియాసిటీ రోవర్ ఫొటోల్లో ఏది ఇసుక, ఏది రాయి అని జనం చేత గుర్తు పెట్టించి కంప్యూటర్‌కు నేర్పడానికే ఏఐ4మార్స్ అనే ప్రాజెక్టు పెట్టారు.

చెన్నై ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్ గుర్తున్నారా? 2019లో చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ కూలాక, నాసా బయటపెట్టిన చంద్రుడి ఫొటోలను ఇంట్లో కూర్చుని పాతవాటితో పోల్చి చూశారు. పాత ఫొటోల్లో లేని ఒక చిన్న తెల్లచుక్క పట్టుకున్నారు. ఆ డిసెంబరులో నాసా అది విక్రమ్ శకలమేనని ధ్రువీకరించి ఆయన పేరు చెప్పింది. ఆ వార్త చదివినప్పుడు నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

చంద్రయాన్-2 ఆర్బిటర్‌లోని ఒక కెమెరా చంద్రుడి నేలను సుమారు 25 సెంటీమీటర్ల వివరంతో తీస్తుంది. ఇస్రో ఆ డేటాను ‘ప్రదాన్’ పోర్టల్‌లో అందరికీ పెట్టింది. అయితే ఆ ఫైళ్లు తెరవడం, చదవడం మామూలు మనిషికి కష్టం. ఫొటోను ముక్కలు చేసి, “ఇక్కడ గొయ్యి ఉందా? అంచు పదునుగా ఉందా, అరిగిపోయిందా?” అని తెలుగులో అడిగితే మా ఆవిడ లాంటి వాళ్లు ఎంతమందో జవాబు చెప్పగలరు. వాళ్ల చూపు వృథాగా పోతోందన్నదే నా బాధ.

మన విశాఖలో ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం వెతికే పిల్లలెవరైనా అలాంటి పేజీ ఒకటి కట్టండి. తెలుగు సూచనలు నేను రాసిస్తాను. మా ఆవిడకు చెప్పడానికి రాసుకున్నవి సగం నోట్‌బుక్ నిండా ఇప్పటికే ఉన్నాయి.