ప్రమాదం తొలగని చోట ప్రాణం నిలపడం: నా శిక్షణ అనుభవం

ఆసుపత్రి అత్యవసర విభాగంలో చాలాకాలం నర్సుగా పనిచేసిన తరువాత, సాయుధ బృందాల వెంట వెళ్లే వైద్య సిబ్బందికి ఇచ్చే ట్రామా (తీవ్ర గాయాల చికిత్స) శిక్షణకు నేను దరఖాస్తు చేసుకున్నాను. కాల్పుల్లోనో పేలుళ్లలోనో గాయపడినవారు మా బల్ల మీదికి చేరేసరికే ఒంట్లోని రక్తం చాలావరకు పోయి ఉండేది. అక్కడ మేము ఎంత నేర్పు చూపినా, దారిలో పోయిన ఆ నిమిషాలను తిరిగి తేలేకపోయేవాళ్లం. ఆ నిమిషాల్లో ఎవరు ఏం చేయాలో తెలుసుకోవాలన్న పట్టుదలే నన్ను అటు నడిపించింది. ఇదే దారిలో వెళ్లాలనుకునే వైద్య సిబ్బందికి పనికొస్తుందని నేను చూసింది, నేర్చుకున్నది రాస్తున్నాను.

ప్రవేశానికి వైద్య అర్హత పత్రాలు, దేహదారుఢ్య పరీక్ష, పైఅధికారి అనుమతి అవసరమయ్యాయి. దేహదారుఢ్యం విషయాన్ని తేలికగా తీసుకోవద్దని మాత్రం చెబుతాను. రక్షణ కవచం తొడుక్కుని, మందుల సంచి వీపున వేసుకుని, తన బరువు తాను మోయలేని మనిషిని ఈడ్చుకుంటూ గోడ చాటుకు చేర్చడం ఈ చికిత్సలో మొదటి మెట్టు. ఆ బలం లేకపోతే తక్కిన విద్య అంతా సంచిలోనే ఉండిపోతుంది.

తొలి తరగతులు ఈ పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాయి. అమెరికా నౌకాదళ వైద్యుడు ఫ్రాంక్ బట్లర్, ఆయన సహచరులు 1996లో ఒక సైనిక వైద్య పత్రికలో ప్రచురించిన వ్యాసంతో ‘టీసీసీసీ’ (టాక్టికల్ కంబాట్ క్యాజువాల్టీ కేర్, అంటే పోరు జరిగే చోట గాయపడినవారికి చేసే చికిత్స) అని పిలిచే ఈ విధానానికి పునాది పడింది. మంచి వైద్యమైనా వేళ కాని వేళ చేస్తే గాయపడినవారికీ, చేసేవారికీ, ఆ బృందం మొత్తానికీ ప్రాణాంతకం కావచ్చునన్నది వారి వాదనలోని సారం. తరువాత 2012లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం, 2001 నుంచి 2011 వరకు యుద్ధరంగాల్లో సంభవించిన 4,596 అమెరికన్ సైనిక మరణాలను పరిశీలించింది. వారిలో 87 శాతానికి పైగా ఆసుపత్రికి చేరకముందే చనిపోయారు. అలా దారిలోనే పోయినవారిలో దాదాపు నాలుగోవంతు మంది బతికే అవకాశం ఉన్నవారని, ఆ అవకాశం ఉండీ చనిపోయినవారిలో సుమారు 91 శాతం మంది రక్తస్రావంతోనే పోయారని అది తేల్చింది. ఆసుపత్రిలో కూర్చుని నేను అనుమానించినదే ఈ అంకెల్లో కనిపించింది. పౌర సమాజానికి తగినట్టుగా ఇదే విధానాన్ని మలిచి, 2011 నుంచి ‘టీఈసీసీ’ (టాక్టికల్ ఎమర్జెన్సీ క్యాజువాల్టీ కేర్) పేరుతో మార్గదర్శకాలు తయారు చేస్తున్నారు. మేము ప్రధానంగా నేర్చుకున్నది దాన్నే.

దీనిలో చికిత్సను గాయాన్ని బట్టి కాక ముందుగా ప్రమాదాన్ని బట్టి విభజిస్తారు. తూటాలు ఇంకా వస్తున్న చోటు ఒకటి, దాడి చేసేవాడు పూర్తిగా పట్టుబడకపోయినా తాత్కాలికంగా చాటు దొరికిన చోటు రెండోది, అక్కడినుంచి ఆసుపత్రికి తరలించే దశ మూడోది. మొదటి చోట క్షతగాత్రుణ్ని చాటుకు చేర్చడం, చేతికో కాలికో ప్రాణాంతక రక్తస్రావం ఉంటే టోర్నికే (కడ్డీ తిప్పి బిగించి రక్తాన్ని ఆపే పట్టీ) వేయడం తప్ప దాదాపు ఏమీ చేయకూడదు. శ్వాస వింటూ, మెడ ఎముక కదలకుండా పట్టుకుంటూ, రక్తపోటు చూస్తూ పని మొదలుపెట్టే అలవాటున్న నాకు, నేర్చుకోవడంకన్నా వదిలిపెట్టడమే కష్టమైంది. నాడి ఆగిపోయిన వ్యక్తి విషయంలో ఇది మరీ బాధించింది. ప్రమాదం తొలగని చోట గాయాలతో గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కుతూ కూర్చోవడం మార్గదర్శకాల్లో లేదు. అతణ్ని వదలవలసి వచ్చినప్పుడు పక్కవాడిని బతికించగల చేతులు ఖాళీగా ఉంటాయన్న తర్కం నాకు అర్థమైంది. అర్థమైనా, ఆ నిర్ణయం తీసుకున్న ప్రతి అభ్యాసం తరువాతా మనసు బరువెక్కేది. శిక్షకులు దాన్ని తోసిపుచ్చకుండా కూర్చోబెట్టి మాట్లాడించడం ఈ శిక్షణలో నేను ఎంతో గౌరవించే అంశం.

చాటుకు చేరిన తరువాత పనిచేసే క్రమాన్ని, అందులోని అంశాల ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి, ‘మార్చ్’ అంటారు: భారీ రక్తస్రావం, శ్వాసమార్గం, ఊపిరి, రక్తప్రసరణ, చివరగా శరీరం చల్లబడడమూ తలకు గాయమూ. శ్వాసకన్నా రక్తం ముందు రావడానికి కారణం సూటిగానే ఉంది. పెద్దవారి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. తొడలోని పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాల్లోనే మనిషి పోవచ్చు.

టోర్నికే అభ్యాసం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటినుంచి చూసేవారికి అది పట్టీ బిగించడంలాగానే కనిపిస్తుంది. తూటాలు వస్తున్న చోట గాయం ఎక్కడుందో వెతక్కుండా, బట్టల మీదనే, చేయి లేదా కాలి మొదట్లో వీలైనంత పైకి వేయాలి. చాటు దొరికాక అయితే బట్ట కత్తిరించి, గాయానికి 2, 3 అంగుళాలు పైన, కీలు మీద పడకుండా నేరుగా చర్మం మీద వేస్తాం. అసలు రహస్యం కడ్డీ తిప్పడంలో లేదు, తిప్పకముందు పట్టీని లాగడంలో ఉంది. పట్టీ కింద మూడు వేళ్ల కొసలు దూరనంత బిగుతుగా లాగి, ఆ తరువాత కడ్డీ తిప్పితే కొద్ది చుట్లలోనే రక్తం ఆగుతుంది. వదులు పట్టీ మీద ఎంత తిప్పినా బట్ట మెలిపడుతుందే తప్ప ధమని మూసుకోదు. క్షతగాత్రురాలి పాత్రలో ఉన్న సహ శిక్షణార్థి నా చేయి పట్టుకుని, “అక్కా, చాలు, కాలు తెగిపోయేలా ఉంది” అని వేడుకుంది. శిక్షకుడు వంగి ఆమె పాదం మీద నాడి చూసి, “ఇంకా కొట్టుకుంటోంది, తిప్పండి” అన్నారు. సరిగ్గా పడిన టోర్నికే భరించలేనంత నొప్పి పెడుతుంది. ఆ సంగతి ముందే చెప్పి, నొప్పి పుడుతోందని విప్పబోమని క్షతగాత్రులకు నచ్చజెప్పడం కూడా చికిత్సలో భాగమే. కింది నాడి ఆగిందని నిర్ధారించుకుని, కడ్డీని కొక్కెంలో బిగించి, వేసిన సమయం దాని మీద రాయాలి. ఆగకపోతే పక్కనే రెండోది వేయాలి. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, షాక్‌లోకి (రక్తం చాలక అవయవాలు దెబ్బతినే స్థితిలోకి) జారకముందే టోర్నికే పడినవారిలో 90 శాతం మంది బతికారు, జారిన తరువాత పడినవారిలో 10 శాతమే బతికారు. ఆ పట్టిక చూసినప్పటినుంచి, ‘చివరి ప్రయత్నంగా మాత్రమే టోర్నికే’ అన్న పాత పాఠాన్ని నేను ఎవరికీ చెప్పడం లేదు.

గజ్జల్లో, చంకలో, మెడ మొదట్లో పట్టీ పట్టదు. అక్కడ రక్తం గడ్డకట్టించే మందు పట్టించిన గాజ్‌ను (పలుచని కట్టుగుడ్డను) గాయం లోపలికి కూరాలి. పంపుతో కృత్రిమ రక్తం చిమ్మే నమూనా మీద మాకు దీన్ని నేర్పారు. ముందు లోపల నిలిచిన రక్తాన్ని తుడిచి, వేలితో రక్తం ఏ వైపునుంచి ఎగదన్నుతోందో వెతికి, ఆ వేలు తీయకుండానే రెండో చేతి వేలితో గాజ్‌ను ఆ మూలకు నెట్టి, వేళ్లు మార్చుకుంటూ గాయం నిండేవరకు కూరి, ఆపై కనీసం 3 నిమిషాలు ఒంటి బరువంతా వేసి నొక్కాలి. చుట్టూ అరుపులు వినిపిస్తుండగా ఆ 3 నిమిషాలు కదలకుండా ఉండడం ఎంత కష్టమో నొక్కి పట్టినవారికే తెలుస్తుంది. గాజ్ ఎత్తి చూడాలన్న ఆత్రం వస్తుంది. ఎత్తితే అప్పుడే పట్టిన గడ్డ ఊడిపోతుంది.

శ్వాసమార్గం దగ్గర నా ఆసుపత్రి అనుభవం కొంత అక్కరకు వచ్చింది, అందుకే దాన్ని తొందరగా ముగిస్తాను. స్పృహలో ఉండి ముఖానికి గాయమైన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకుండా, తనకు ఊపిరి ఆడే భంగిమలోనే కూర్చోనివ్వాలన్నది ఇక్కడ నొక్కి చెప్పిన మాట. ఛాతీలో చిల్లు పడితే గాలి బయటికి పోయే కవాటమున్న అతుకు పట్టీ వేసి ఊరుకోకూడదు, కనిపెట్టుకుని ఉండాలి. ఊపిరి ఇంకా కష్టమైతే ఆ పట్టీని ఒక అంచున ఎత్తి లోపల చిక్కిన గాలిని వదలాలి. అప్పటికీ తగ్గకపోతే, అర్హత ఉన్నవారు 3.25 అంగుళాల పొడవైన సూదితో ఆ ఒత్తిడిని తీస్తారు.

శిక్షకులు నేను ఊహించనంత శ్రద్ధ పెట్టింది దుప్పటి మీద. రక్తం కోల్పోయిన శరీరం ఎండాకాలంలో కూడా చల్లబడుతుంది, చల్లబడిన రక్తం సరిగా గడ్డకట్టదు, గడ్డకట్టని రక్తం ఇంకా కారిపోతుంది, దీనికి ఆమ్లత్వం తోడై మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. తడిబట్టలు తీసి, కింద నేల తగలకుండా ఒక పొర పరిచి, వేడినిచ్చే దుప్పటి చుట్టడం మందులతో సమానమైన చికిత్స అని మాకు మళ్లీ మళ్లీ గుర్తుచేశారు. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లానికీ గడువుంది. గాయమైన 3 గంటల్లోపే ఇవ్వాలి, ఎంత ముందైతే అంత మేలు.

చివరి పరీక్ష చీకట్లో జరిగింది. పొగ, హోరు, ఒకేసారి పలువురు క్షతగాత్రులు. వారిలో ఒకరు సాయుధ బృందంలోని సభ్యుడే. మాట తడబడుతోంది, తుపాకీ మాత్రం చేతిలోనే ఉంది. తలకు దెబ్బ తగిలో రక్తం పోయో మనసు చెదిరిన మనిషి దగ్గర ఆయుధం, రేడియో ఉంచకూడదన్న నియమం ప్రకారం, “అన్నా, నేను చూసుకుంటాను, అది నాకివ్వండి” అంటూ తుపాకీని తీసి వెనకనున్న సహచరుడికి అందించాకనే గాయం మీద చేయి వేశాను. నడవగలిగినవారిని ఒక పక్కకు పిలిచాం. మణికట్టు నాడి దొరకనివారిని, చెప్పినట్టు చేయలేనివారిని ఎర్ర వర్గంలో, అంటే వెంటనే చికిత్స కావలసినవారిలో పెట్టాం. అప్పగింతలో గాయమైన తీరు, గాయాలు, లక్షణాలు, చేసిన చికిత్స, ఈ నాలుగూ అదే వరుసలో అర నిమిషంలో చెప్పాలి. ఎన్నో ఏళ్లు ఆ అప్పగింతను ఆసుపత్రి వైపునుంచి వింటూ వచ్చిన నాకు, చీకట్లో రాసిన చీటీలోని టోర్నికే సమయం ఎంత విలువైనదో అప్పుడు పూర్తిగా తెలిసింది. 2 గంటల్లోపు, షాక్ లేకుండా, గాయాన్ని కనిపెట్టుకుని ఉండగలిగితే దాన్ని ఒత్తిడి కట్టుగా మార్చే ప్రయత్నం చేయాలి. తెగిపోయిన అవయవానికి వేసినదాన్ని మార్చకూడదు. 6 గంటలు దాటితే ఆసుపత్రి బయట విప్పనే కూడదు.

ధ్రువపత్రం వచ్చాక నా పనిలో ఎక్కువ భాగం సంఘటనకు ముందే జరుగుతోంది. బృందం సాయుధ చర్యకు బయలుదేరే ముందు క్షతగాత్రులను ఎక్కడ చేర్చాలి, అంబులెన్సు ఎంత దగ్గరికి రాగలదు, శస్త్రచికిత్స సిద్ధంగా ఉన్న ఆసుపత్రి ఏది, రెండో దారి ఏది, రేడియో పనిచేయకపోతే ఎవరు ఎవరికి చెప్పాలి అన్నవి ఒక కాగితం మీద రాసి బృందమంతటికీ వినిపిస్తాను. ప్రతి సభ్యుడి టోర్నికే కవచం మీద ఒకేచోట, ఏ చేతికైనా అందేలా, ప్లాస్టిక్ తొడుగు తీసి ఉందో లేదో స్వయంగా తడిమి చూస్తాను. అభ్యాసానికి వాడినవాటిని అసలైనవాటితో కలవనివ్వను, ఎందుకంటే లాగి లాగి సాగిన పట్టీ అవసరానికి తెగవచ్చు. ఒక్కటి మాత్రం ఇంకా మా చేతికి రాలేదు. రక్తం కోల్పోయినవారికి సెలైన్ కాకుండా రక్తమే ఎక్కించాలని, అందులోనూ సంపూర్ణ రక్తమే (ప్లాస్మా, కణాలుగా విడదీయని రక్తమే) మొదటి ఎంపికని టీసీసీసీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ రక్తాన్ని శీతలపెట్టెలో సంఘటన స్థలం దాకా తీసుకువెళ్లే ఏర్పాటు కోసం మేము రక్తనిధితో మాట్లాడుతున్నాం. ఉష్ణోగ్రత నమోదు, వాడనిదాన్ని గడువులోగా తిరిగి ఇవ్వడం, బాధ్యత ఎవరి సంతకం మీద ఉండాలన్న అంశాల మీద చర్చ ఇంకా నడుస్తోంది.